కత్తిపీట ఎప్పుడు శిల్పమవుతుంది?

మా మామ్మ వాడిన కత్తిపీట శ్రీకాకుళంలోని మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. దాని కత్తి కొన్ననాటి వెడల్పులో సగం కూడా మిగల్లేదు. ఏళ్ల తరబడి సానపట్టించగా మధ్యభాగం అరిగిపోయి నెలవంకలా లోపలికి వంగింది. ఆమె పాదం అదిమిపెట్టి కూర్చున్న చోట పీట చెక్క అరచేయంత మేర నున్నబడి, కాస్త పల్లంగా దిగిపోయింది. ఆమె ఫొటో కూడా ఉంది. స్టూడియో కుర్చీలో బిగుసుకుపోయి, ఎవరో చెప్పినట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ ఫొటోలో ఆమె పోలిక ఉంది. కత్తిపీటలో పోలిక ఏమీ లేదు గాని ఆమె బరువు ఉంది, చేతి వాటం ఉంది, రోజూ పొద్దున్నే కూర్చున్న భంగిమ ఉంది. జ్ఞాపకాన్ని శిల్పంగా మలచడం గురించి, ముఖ్యంగా ఒకే రాయితోనో ఒకే లోహంతోనో కాక గుడ్డ, చెక్క, తుప్పు, కాగితపు గుజ్జు, వాడి పారేసిన సామాను కలగలిపి చేసే ఇప్పటి శిల్పం గురించి మనకు కలిగే తికమకలో చాలా భాగం, పోలికకూ జాడకూ మధ్య ఉన్న ఈ తేడాను గమనించకపోవడం వల్లనే వస్తున్నదని నేను అనుకుంటున్నాను.

ఆ తికమక చూసేవారిలోనూ ఉంది, చేసేవారిలోనూ ఉంది. ప్రదర్శనలో పాత కుర్చీకి సిమెంటు పూసి నిలబెడితే, ఇది శిల్పమెలా అయింది, పాత సామాన్ల కొట్టు కాదా అని చూసేవారు అడుగుతారు. ఆ ప్రశ్నను వెటకారమని కొట్టిపారేయకూడదు. అందులో న్యాయం ఉంది. మరో పక్క, అమ్మ చీర ముక్కను చట్రానికి బిగించి దాని పక్కన రెండు గాజులు అతికిస్తే అమ్మ జ్ఞాపకం దానంతట అదే వచ్చి కూర్చుంటుందని చేసేవారిలో కొందరు నమ్ముతారు. చీర చూసి కొడుకు కంటతడి పెట్టవచ్చు. ఆమెను ఎన్నడూ చూడని మనిషికి అది ఒక చీర ముక్క, రెండు గాజులు, అంతే.

ఈ చిక్కును విప్పడానికి పారిస్ దాకానో న్యూయార్క్ దాకానో పోనక్కర్లేదు. శ్రీకాకుళానికి దగ్గరలో, కళింగపట్నం వైపు, వంశధార దక్షిణపు గట్టున శాలిహుండం కొండ ఉంది. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే. ఆ కొండ మీద ఇటుకలతో కట్టిన స్తూపాల మధ్య నడుస్తున్నప్పుడు గుర్తు చేసుకోవలసిన విభజన ఒకటి ఉంది. స్మరణకు ఆధారమయ్యే వాటిని బౌద్ధులు మూడు రకాలన్నారు. ఎముక, దంతం, వెంట్రుక వంటి దేహ శకలాలు శారీరకాలు. ఆ మనిషి వాడినవి, అంటే భిక్షాపాత్ర, చీవరం అనే భిక్షువు వస్త్రం, ఏ చెట్టు కింద కూర్చున్నాడో ఆ చెట్టు, ఇవి పారిభోగికాలు. ఆయనను ఉద్దేశించి తరువాతివారు చేసిన ప్రతిమలు, గుర్తులు ఉద్దేశికాలు. జాతక కథల్లో కాళింగబోధి జాతకం అనే కథలో ఈ చర్చ వస్తుంది. దేహ శకలం మనిషి పోయాక గాని దొరకదు, ప్రతిమకు వస్తువు ఆధారం లేదు, అది తలచేవారి మనసు మీద ఆధారపడినది, అందుచేత బోధివృక్షమే తగినదని అక్కడ బుద్ధుడు ఆనందునితో అంటాడు. ఆ కథలోని పాత వృత్తాంతం కళింగ దేశపు దంతపురంలో మొదలవుతుంది. సరుబుజ్జిలి దగ్గరున్న దంతపురమే ఆ నగరమని చెప్పే చరిత్రకారులున్నారు. అంటే పోలిక గొప్పదా, జాడ గొప్పదా అన్న వాదన మనకు కొత్తగా దిగుమతి అయినది కాదు.

మొదట పోలిక సంగతి త్వరగా ముగిద్దాం. మన ఊళ్ల కూడళ్లలో నిలిచిన విగ్రహాలన్నీ ఉద్దేశికాలే. వాటి పని ఫలానా మనిషిని ఫలానా మనిషిగా గుర్తుపట్టించడం. ముక్కు కుదిరిందా, కళ్లజోడు కుదిరిందా, కండువా సరైన భుజం మీద ఉందా అన్నవే అక్కడి కొలతలు. ఆ మనిషి ఎవరో అవి చెబుతాయి, ఆ మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో చెప్పవు. ఆ విగ్రహాలకు వాడే ఫైబర్‌గ్లాసునే తీసుకుని శిల్పి రవీందర్ రెడ్డి వేరే దారి పట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చాలాకాలం బోధించిన ఆయన చేసిన నిలువెత్తు స్త్రీ శిరస్సులు, కొప్పు నిండా పూలతో, రెప్ప వేయని పెద్ద కళ్లతో, ఏ ఒక్క వ్యక్తి పోలికా కావు. అయినా సంతలోనో బస్టాండులోనో ఎక్కడో చూశామే అనిపిస్తాయి. పోలిక కూడా జ్ఞాపకాన్ని మోయగలదని, కాకపోతే అది పేరున్న మనిషి పోలికే కానక్కర్లేదని ఇక్కడ తెలుస్తుంది.

దేహ శకలాల విషయంలో ఆశ్చర్యం కలిగించేది శకలం కన్నా దాన్ని దాచిన తీరు. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటి లోపల స్ఫటికపు భరిణె, బంగారు పూలు, ముత్యాలు, వాటి నడుమ ధాతువు, అంటే ఆ దేహ శకలం. బయట ఇటుక, లోపల రాయి, ఇంకా లోపల స్ఫటికం, బంగారం. లోపలికి పోయే కొద్దీ పదార్థం సున్నితమవుతుంది, పరిమాణం చిన్నదవుతుంది, చివరికి ఉన్నది కంటికి కనబడీ కనబడనంత. మిశ్రమ పదార్థాల శిల్పం అన్న మాట పుట్టక ముందే తెలుగునేల మీద జరిగిన ఆ పనిలో ఒక సూక్ష్మం ఉంది. అన్నిటికన్నా విలువైన దాన్ని చూపించకుండా, అది ఉందన్న సంగతిని మాత్రమే చూపించారు. అన్నీ అద్దాల పెట్టెలో పెట్టి దీపం వేసి చూపించాలన్న ఇప్పటి ఆత్రం పక్కన పెట్టి చూస్తే, కప్పి ఉంచడం జ్ఞాపకానికి ఎంత దగ్గర పనో అర్థమవుతుంది.

అసలు చిక్కంతా మధ్యదానిలో, వాడిన వస్తువులో ఉంది. మామ్మ కత్తిపీట నాకు మాట్లాడుతుంది, మీకు మాట్లాడదు. మీకు కూడా మాట్లాడాలంటే శిల్పి ఏం చేయాలి? ఈ ప్రశ్నకు నాకు తెలిసిన వారిలో అందరికన్నా గట్టి సమాధానం ఇచ్చినది కొలంబియా శిల్పి డోరిస్ సాల్సెడో. తన దేశపు హింసలో మాయమైపోయిన స్త్రీల చెప్పులను ఆమె వారి కుటుంబాల నుంచి తీసుకున్నారు. గోడలో చిన్న చిన్న గూళ్లు తొలిపించి, వాటిలో ఆ చెప్పులు ఉంచి, పైన పశువు మూత్రాశయపు పలుచని పొరను కప్పి, ఆపరేషన్‌కు వాడే దారంతో గోడకే కుట్టేశారు. పొర వెనక చెప్పు మసకగా కనబడుతుంది. చేయి పెట్టి తీయలేము, సరిగా చూడనూ లేము. మరో వరుస పనులలో ఆమె పాత బీరువాలను, కుర్చీలను, మంచాలను కాంక్రీటుతో నింపేశారు. బీరువా తలుపు సందున బట్ట అంచు కాంక్రీటులో కూరుకుపోయి కనబడుతుంది.

ఆ బీరువా ఎవరిదో మనకు తెలియదు, తెలియనక్కర్లేదు. బీరువా తలుపు తెరవడం ఎలాగో మన చేతికి తెలుసు. ఆ తెలిసిన పని ఇక్కడ సాగదని చేయే ముందుగా గ్రహిస్తుంది. కూర్చోలేని కుర్చీ, తొడగలేని చెప్పు, తెరుచుకోని బీరువా మన ఒంట్లో ఉన్న అలవాటును సగంలో ఆపేస్తాయి. ఇంటివారికి వస్తువే చాలు, పరాయివారికి వస్తువు వాడకం ఆగిపోవడం కనబడాలి. చీర ముక్కను చట్రానికి బిగించడానికీ, బట్టను కాంక్రీటులో బంధించడానికీ మధ్య తేడా ఇదే: మొదటిది వస్తువును అలంకరిస్తుంది, రెండోది వస్తువుకు ఏం జరిగిందో చేసి చూపిస్తుంది. నా ఈ వ్యాసంలో పట్టుకోదగ్గ మాట ఏదైనా ఉంటే అది ఇదేననుకుంటాను. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఇంగ్లండుకు చెందిన రేచెల్ వైట్‌రీడ్ ఇదే పనిని తలకిందులుగా చేశారు. 1993లో లండన్ తూర్పు భాగంలో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఒక ఇంటి లోపలంతా కాంక్రీటు పోతపోసి, ఆ తరువాత బయటి గోడలు తీసేశారు. మిగిలినది ఇల్లు కాదు, ఇంట్లోని ఖాళీ. గదిలో గాలి ఉన్న చోటంతా గట్టిపడి బయటికి నిలిచింది. పొయ్యి గూడు ముందుకు పొడుచుకొచ్చింది, స్విచ్చులు గుంటలయ్యాయి. 1994 జనవరిలో దాన్ని కూల్చేశారు. మన కంచు పనివారికి ఇందులో వింతేమీ కనబడదనుకుంటాను. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి మెత్తి, కాల్చి మైనాన్ని కరిగించి బయటికి పంపితే, ఆ బొమ్మ ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకే కరిగిన లోహం దిగుతుంది. శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానమన్న ఆ పద్ధతిలో మొదటి బొమ్మ పోతేనే రెండోది పుడుతుంది. తేడా ఏమిటంటే పోతపనివాడు ఖాళీని దాటి లోహం దగ్గరికి పోతాడు, వైట్‌రీడ్ ఖాళీ దగ్గరే ఆగిపోయారు.

లోహం ప్రస్తావన వచ్చింది గనుక బుడితి గురించి చెప్పాలి. సారవకోట మండలంలోని ఈ ఊరి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. మన ఇళ్లలో పెళ్లి సామాను మీద చుక్కలు చుక్కలుగా పేరు, తేదీ కొట్టించే అలవాటు ఉండేది. బిందె అడుగున సొట్ట, మెడ దగ్గర అమ్మ పుట్టింటి వారి ఇంటిపేరు, ఇవన్నీ కలిస్తే ఒక చిన్న చరిత్ర. పాత ఇత్తడి తూకానికి ఇచ్చి కొత్త సామాను తెచ్చుకున్నప్పుడు లోహం గ్రాము కూడా మారకపోవచ్చు, కాని సొట్టా, పేరూ రెండూ కొలిమిలో పోతాయి. దీన్నిబట్టి నేను తేల్చుకున్నది, జ్ఞాపకం పదార్థంలో ఉండదు, పదార్థానికి జరిగిన దానిలో ఉంటుంది. నాన్నగారి కంచం కరిగించి ఆయన బొమ్మ పోతపోయించామని ఎవరైనా అంటే, ఆ మాట చెప్పినంత సేపే అది నిలుస్తుంది. చెప్పేవారు పక్కన లేనప్పుడు అది మరొక ఇత్తడి బొమ్మ.

పొందూరు ఖద్దరు విషయంలో కూడా ఇలాంటి పొరపాటే జరిగే అవకాశం ఉంది. పొందూరు జ్ఞాపకాన్ని శిల్పంలోకి తేవాలనుకునేవారు సహజంగా ఆ నూలు బట్టనే తీసుకుంటారు. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు. సన్నని పళ్ల వరుసతో పత్తి గింజ చుట్టూ దువ్వుతారు. చేతి చెమటకు రంగు మారి, పళ్ల సందుల్లో పీచు ఇరుక్కుపోయిన ఆ దవడలో ఉన్న జాడ, మడత విప్పని తెల్లని ఖద్దరు తానులో లేదు. ప్రాంతానికి పేరు తెచ్చిన వస్తువు ఒకటి, ఆ ప్రాంతపు చేతులు పట్టుకున్న వస్తువు మరొకటి. మిశ్రమ పదార్థాల శిల్పాలలో మొదటిది అతిగా కనబడుతుంది, పర్యాటక శాఖ దుకాణంలో మాదిరిగా.

వస్తువునే తేనక్కర్లేదని చూపించిన మన శిల్పులూ ఉన్నారు. రామ్‌కింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో సంతాల్ కుటుంబాన్ని మలచినప్పుడు సిమెంటులో ఆ నేల మీదనే దొరికే ఎర్రని గులకరాళ్లు కలిపారు. నడిచిపోతున్న ఆ కుటుంబం ఏ మట్టి మీద నడుస్తున్నదో ఆ మట్టే వారి ఒళ్లు అయింది. 1943 నాటి బెంగాల్ కరువును కళ్లారా చూసిన సోమనాథ్ హోర్ గాయాలు అన్న వరుసలో బొమ్మలే లేకుండా చేశారు. తెల్లని కాగితపు గుజ్జు మీద చీలిక, పొడుపు, కమిలినట్టున్న ఉబ్బు, అంతే. అక్కడ జ్ఞాపకం వస్తువు కాదు, పోలిక కాదు, పదార్థం మీద జరిపిన ఒక చర్య. షీలా గౌడ సూదులకు దారం ఎక్కించి, ఆ దారాలను జిగురుతో, కుంకుమతో పేని పొడవాటి తాళ్లు చేశారు. తాడు కొసన సూదులన్నీ గుత్తిగా వేలాడతాయి. వందల సార్లు సూదిలో దారం ఎక్కించిన ఆ ఓపికే అక్కడి అసలు సరుకు. ఆడవారి ఇంటి చాకిరి గురించి దానికన్నా వివరంగా చెప్పిన విగ్రహాన్ని నేను చూడలేదు.

ఇక పదార్థాలు కలిసినప్పుడు వాటి మధ్య జరిగే గొడవ సంగతి. ఇది సౌందర్య చర్చల్లో కనబడదు, కాని సముద్రం గాలి తగిలే మన జిల్లాల్లో దీన్ని తప్పించుకోలేము. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, అదీ పొడవునా కాక అడ్డంగా. లోహాన్ని దానికి బిగించి కొడితే రెండేళ్లలో ఏదో ఒకటి చీలుతుంది. ఉప్పు తేమలో ఇత్తడి, ఇనుము ఒకదానికొకటి తగులుతూ ఉంటే ఇనుము తొందరగా తినేయబడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక చుట్టూ ఉన్న సిమెంటును లోపలి నుంచే పగలగొడుతుంది. తేనెమైనం 62 డిగ్రీల దాకా కరగకపోయినా అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెలలో మూసి ఉంచిన రేకుల షెడ్డులో దాని గతి ఊహించుకోవచ్చు. రెసిన్ ఎండకు పసుపెక్కుతుంది. 1960లలో అమెరికన్ శిల్పి ఈవా హెస్ రబ్బరు పాలతో చేసిన శిల్పాలు ఇప్పుడు నల్లబడి పెళుసెక్కి, కొన్నిటిని కదిలించడానికే మ్యూజియాలు భయపడే స్థితికి వచ్చాయి.

నేను కూడా ఒకసారి ఈ గొడవలో తలదూర్చాను. ఆ కత్తిపీటను తెల్లని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దిమ్మెలో, కత్తి వంపు మాత్రం బయటికి కనబడేలా, సగం వరకు ముంచాను. కూరలు తరగడం ఆగిపోవాలి, వంపు మిగలాలి, అదీ నా ఆలోచన. ప్లాస్టర్ తేమను పట్టి ఉంచుతుందని నాకు తెలియక కాదు, తొందర. ఒక్క వర్షాకాలం గడిచేసరికి కత్తి మొదలు నుంచి గోధుమరంగు చారలు దిమ్మె పైకి పాకి, ఒక పక్క సన్నని బీట తీసింది. చెక్క దిమ్మెను తాకిన చోట నల్లని మరక కట్టింది; చెక్కలోని వగరుకు ఇనుము తోడైతే అలాగే అవుతుంది. మొదట పని చెడిపోయిందనుకున్నాను. కొన్నాళ్లు చూశాక, నేను తెలివిగా అమర్చిన వంపు కన్నా నాకు తెలియకుండా పాకిన ఆ చారలే మెరుగ్గా కనబడ్డాయి. అయితే దీన్ని సిద్ధాంతంగా చెప్పి, పొరపాటునల్లా కళ అనడానికి నేను సిద్ధంగా లేను. ఏ పదార్థం ఎంతకాలంలో ఎలా చెడుతుందో ముందే తెలిసి దాన్ని పనిలో భాగం చేసుకోవడం ఒకటి. చెడిపోయాక సర్దిచెప్పుకోవడం మరొకటి. నాది రెండోదే.

చెడిపోవడం గురించి ఆలోచిస్తే శాశ్వతత్వం సంగతి వస్తుంది. జ్ఞాపక చిహ్నమంటే నిలిచి ఉండాలి కదా అన్న నమ్మకాన్ని ప్రశ్నించడానికి విజయనగరం ప్రాంతం కన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే ఒకే సంఘటనకు అక్కడ రెండు రకాల స్మారకాలున్నాయి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధానికి బొబ్బిలిలో రాతి స్తంభం ఉంది. అది కదలదు, మారదు. అదే యుద్ధంలో కలిగిన దుఃఖాన్ని విజయనగరంలో పైడితల్లి జాతర మోస్తున్నది. విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలు పైడితల్లి, తన అన్న మరణవార్త విని పెద్ద చెరువులో కలిసిపోయిందని, అక్కడే అమ్మవారై దొరికిందని స్థానిక కథనం. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు సిరిమాను ఊరేగుతుంది. ఆ మాను ఒక చింతచెట్టు. ప్రతి ఏడూ కొత్త చెట్టు. అమ్మవారు పూజారి కలలో కనబడి చెట్టు ఎక్కడుందో చెబుతుందని నమ్మకం. దాని కొసన ఆసనం కట్టి పూజారిని కూర్చోబెట్టి, పైకెత్తి, కోట దాకా మూడు సార్లు తిప్పుతారు. ముందు పాలధార, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. చెక్క, తాడు, వల, మనిషి దేహం కలిసిన ఈ కదిలే కట్టుబడిని శిల్పమనడానికి ఎవరికైనా అభ్యంతరముంటే నేను వాదించను. కాని వల ఎందుకుందో అడిగిన పిల్లవాడికి చెరువు కథ చెప్పక తప్పదు. రాతి స్తంభం ఎవరినీ ఏమీ అడగదు. ప్రతి ఏడూ చెట్టు వెతకవలసి రావడం వల్ల సిరిమాను మాత్రం వందల మందికి పని పెడుతుంది, ఆ పని చేస్తున్నంత కాలం మరిచిపోవడానికి వీలుండదు.

మన కొండల్లోని సవర గిరిజనుల పద్ధతి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. మరణించిన వారి కోసం చేసే గువార్ అనే కర్మలో ఒక నిలువు రాయిని పాతి, ఆ వంశపు రాళ్ల గుంపులో చేరుస్తారు. రాయి మీద పేరు ఉండదు, చెక్కడం ఉండదు, ఉలి తగలదు. రాయి శాశ్వతమే, కాని అది ఫలానా వారిదన్న ఎరుక బతికున్నవారి మాటలోనే ఉంటుంది. ఆ మాట ఆగిన నాడు వ్యక్తి కరిగిపోయి వంశం మిగులుతుంది. ఇది లోపమని నేననుకోను. ఒక్కొక్కరినీ ఎంతకాలం విడిగా గుర్తుంచుకోవాలో, ఎప్పుడు పూర్వీకులలో కలిపేయాలో ఆ రాళ్ల గుంపులోనే నిర్ణయమై ఉంది. జర్మనీలోని హార్బుర్గ్‌లో ఫాసిజానికి వ్యతిరేకంగా 1986లో నిలిపిన పన్నెండు మీటర్ల సీసపు రేకుల స్తంభం మీద జనాన్ని సంతకాలు చేయమని, నిండిన మేరకు నేలలోకి దింపుతూ 1993 నాటికి పూర్తిగా పూడ్చేశారు. అదంతా ఒక గొప్ప తెగువగా కళా చరిత్రకారులు రాస్తారు. సీతంపేట కొండల్లో వారికి అది అంత వింతగా తోచకపోవచ్చు.

పేర్లు చెక్కి కూడా జాడను పిలవవచ్చునని అమెరికన్ శిల్పి మాయా లిన్ నిరూపించారు. వాషింగ్టన్‌లో 1982లో వెలసిన వియత్నాం యుద్ధ స్మారకపు గోడ మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. వాటిని అక్షర క్రమంలో కాక ప్రాణం పోయిన తేదీల క్రమంలో పేర్చారు. ఆ నల్లరాయి మన కర్ణాటక నుంచే వెళ్లింది. దాన్ని ఎంత నున్నగా మెరుగుపట్టారంటే, పేరు వెతుక్కునే మనిషి ముఖం ఆ పేరు మీదనే కనబడుతుంది. ప్రారంభం నుంచీ అక్కడికి వచ్చేవారు బూట్లు, ఉత్తరాలు, పతకాలు, సిగరెట్ పెట్టెలు తెచ్చి గోడ మొదట్లో వదిలి వెళ్తున్నారు. శాలిహుండం భాషలో చెప్పాలంటే, ఆమె కట్టినది ఉద్దేశికం, దానికి కావలసిన పారిభోగికాలను జనమే మోసుకొచ్చారు. టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి ఎగుమతయ్యే గ్రానైటు పలకల్లో మన ముఖాలు చూసుకున్నప్పుడల్లా నాకు ఆ గోడ గుర్తుకొస్తుంది.

ఇదంతా మన చేతికి వచ్చేసరికి ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో ఆలోచిద్దాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. దానికి స్మారకం చేయమంటే అందరికీ మొదట తట్టేది విరిగిన కొబ్బరి మానును తెచ్చి దిమ్మె మీద నిలబెట్టడం. అది తప్పు కాదు, కాని విరిగిన కొబ్బరిచెట్టు ఎక్కడైనా విరిగిన కొబ్బరిచెట్టే. ఉద్దానపు రైతు ఆ ఉదయం చూసినది మానునే కాదు. కొబ్బరికి తల్లివేరు ఉండదు. సన్నని వేళ్ల గుబురుతో సహా చెట్టు పెళ్లగిలి పడితే ఇసుకలో గుండ్రని గుంట మిగులుతుంది. తండ్రి నాటిన వరుసలో, లెక్క తప్పకుండా, ఒకే దూరంలో గుంటలు. ఆ గుంటల్లో ఒకదానిలో ఉద్దానపు ఇసుకే కలిపిన సిమెంటు పోసి, గట్టిపడ్డాక తలకిందులుగా బయట పెడితే వేళ్లు చీల్చిన ఇసుక ఆకారం కనబడుతుంది. ఒకటి చాలదు, వరుస కావాలి, రెండు చెట్ల మధ్య ఉన్న దూరం తగ్గకుండా. ఆ దూరంలోనే తోట ఉంది. ఈ ఆలోచనలో ఉన్న లోటు కూడా చెప్పాలి. రైతు ఆ గుంటను వెంటనే పూడ్చి కొత్త మొక్క నాటాడు, ఎందుకంటే కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆగే వీలు లేదు. ఆ మొక్క కూడా తుపాను గుర్తే, అదీ బతికిన గుర్తు. సిమెంటు గుంటల వరుసను ఆ తోట మధ్యలో పెట్టడానికి ఏ రైతూ చోటివ్వడు, ఇవ్వకూడదు కూడా. శిల్పం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు నేను సమాధానం వెతుకుతూనే ఉన్నాను. తీరంలోనా, మండల కార్యాలయం ముందా, ఎవరి దారిలో, ఎవరి నీడలో?

పోయిన సంక్రాంతికి మా అత్త వచ్చింది. మామ్మకు ఆమె ఒక్కతే కూతురు. ప్లాస్టర్ దిమ్మెలో సగం మునిగి, చారలు కట్టి ఉన్న కత్తిపీటను వరండాలో చూసి, "ఏట్రా ఇది, సాన పట్టించీసి వాడుకోకుండా!" అంది. నేను చెప్పబోయిన వివరణ ఆమె వినిపించుకోలేదు. చెంగు నడుముకు దోపి, దిమ్మె ముందు గొంతుక్కూర్చుని, తుప్పు పట్టిన ఆ కత్తి అంచును బొటనవేలితో అడ్డంగా తడిమి, ఇంకా పదునుందో లేదో చూసింది.